కాయిల్ మార్చే ముందు: లేజర్ లెవెలర్ సొలినాయిడ్ వాల్వులో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, సరిగ్గా అలాంటి ఎండల్లోనే, ట్రాక్టర్‌కు తగిలించి లేజర్ కాంతి ఆసరాతో పొలం చదును చేసే లేజర్ లెవెలర్లకు చేతినిండా పని ఉంటుంది. మిర్యాలగూడ వైపు మా బావకు ఒక లెవెలర్ ఉంది. కాలువకు నీళ్లు వదిలేలోపు ఒప్పుకున్న పొలాలన్నీ చదును చేసి ఇవ్వాలి. ఒక ఏడాది ఆ బండి వింతగా మొరాయించింది. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదకొండు దాకా చక్కగా నడిచేది, ఆ తర్వాత బకెట్ పైకి లేవడం మానేసేది. బకెట్‌ను లేపే ఆయిల్‌ను కరెంటుతో అటూ ఇటూ మళ్లించే సొలినాయిడ్ వాల్వు మీది ప్లగ్గు పీకి మీటరు పెట్టి చూస్తే 13.4 వోల్టులు. కరెంటు వస్తోంది కదా, అంటే కాయిల్ పోయినట్టే అని కొత్తది తెచ్చి వేశాడు. నడిచింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే కథ. "డూప్లికేట్ కాయిల్ అంటగట్టార్రా" అని ఫోన్లో నా మీద అరిచి, ఇంకో ఊరికి వెళ్లి ఇంకో కాయిల్ తెచ్చాడు. మూడు రోజుల్లో రెండు కాయిళ్లు. ఆ రెండూ మంచివే. మొదట తీసి పక్కన పడేసిన పాతది కూడా మంచిదే.

ఈ వాల్వుల విషయంలో జరిగే తప్పు ఎక్కువగా ఇదే. కళ్లకు కనబడేది కాయిల్, విప్పడానికి సులువైనది కాయిల్, షాపులో దొరికేది కాయిల్, అందుకని నేరం దాని మీదే పడుతుంది. నిజానికి తప్పు మూడు చోట్ల ఉండొచ్చు: కరెంటు చేరకపోవడం, లోపలి ఇనుము కదలకపోవడం, ఆయిల్ పారకపోవడం. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవడానికి పట్టే సమయం పావుగంట. అది తేలకుండా స్పానర్ పట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. వాల్వు మధ్యలో స్పూల్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది, దాని మీద గాడులు ఉంటాయి. అది ఎడమకు జరిగితే ఆయిల్, బకెట్‌ను కదిపే సిలిండర్‌కు ఒక వైపు వెళ్తుంది, కుడికి జరిగితే ఇంకో వైపు. రెండు చివర్లా ఉన్న స్ప్రింగులు దాన్ని మధ్యలో నిలబెడతాయి. ప్రతి చివరా ఒక సన్నటి గొట్టం, ఆ గొట్టం మీద తొడిగిన రాగి తీగ చుట్టే కాయిల్. కాయిల్‌కు కరెంటు అందితే గొట్టంలోని ఇనుప ముక్క అయస్కాంతంలా లాగబడి, సన్నటి పిన్నుతో స్పూల్‌ను తోస్తుంది. లేజర్ లెవెలర్‌లో పైకి ఒకటి, కిందికి ఒకటి, రెండు కాయిళ్లు. బకెట్ మీద నిలబెట్టిన మాస్టు అనే కడ్డీ పైన ఉన్న రిసీవర్ లేజర్ కాంతిని పట్టుకుంటుంది, బకెట్ ఎత్తుగా ఉందో తగ్గుగా ఉందో క్యాబిన్ దగ్గరి కంట్రోల్ బాక్సుకు చెబుతుంది, బాక్సు అవసరమైన కాయిల్‌కు కాసేపు 12 వోల్టులు ఇచ్చి ఆపుతుంది. ఇంతే. వరికోత మిషన్లలో, కొత్త ట్రాక్టర్లలో ఉండే సొలినాయిడ్ వాల్వులకూ మూలం ఇదే.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పాలి, దీన్ని దయచేసి దాటేయకండి. ట్రాక్టర్ హైడ్రాలిక్‌లో ప్రెషర్ 150 నుంచి 200 బార్ దాకా ఉంటుంది. హోస్ పైపుకు సూదిమొనంత చిల్లు పడినా అక్కడి నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న ముల్లు గుచ్చినట్టే ఉంటుంది, రక్తం కూడా పెద్దగా రాదు, అందుకే తుడుచుకుని పనిలో పడతారు. కొన్ని గంటల్లో వేలు ఉబ్బిపోతుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఒకవేళ గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా అప్పటికప్పుడు సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, లోపలికి పోయింది హైడ్రాలిక్ ఆయిల్ అని స్పష్టంగా చెప్పాలి. అలాగే ఏ పైపు విప్పాలన్నా బకెట్‌ను నేల మీదికి దించి, ఇంజన్ ఆపి, లివర్ రెండు వైపులా ఆడించి ప్రెషర్ వదిలించాకే విప్పాలి. దించడానికి కుదరకపోతే కింద గట్టి దిమ్మెలు పెట్టాలి. ఆయిల్ ప్రెషర్‌ను నమ్ముకుని బరువు కింద దూరకూడదు.

ఇక అసలు పని. మొట్టమొదట బండి చుట్టూ ఒకసారి తిరగండి. ట్రాక్టర్‌కు పైపులు తగిలించే క్విక్ కప్లర్లు పూర్తిగా లోపలికి కూర్చున్నాయా? సగం కూర్చుంటే లోపలి మూత తెరుచుకోదు, పైకి తగిలించినట్టే కనిపిస్తుంది కానీ ఆయిల్ పారదు. వాల్వుకు నిరంతరం ఆయిల్ అందాలంటే ట్రాక్టర్ రిమోట్ లివర్ ఒక పక్కకు నిలిచి ఉండాలి. గతుకుల్లో అది జారి మధ్యకు వచ్చేసిందా? ఆయిల్ లెవెల్ ఎంత ఉంది? ఈ మూడూ చూడకుండా మీటరు తీసిన వాళ్లు గంటలకు గంటలు పోగొట్టుకోవడం నేను చూశాను.

అవన్నీ సరిగ్గా ఉంటే, మొత్తం చిక్కును ఒక్క దెబ్బతో రెండు ముక్కలు చేసే పరీక్ష ఒకటుంది. చాలా వాల్వులకు కాయిల్ చివర, నట్టు మధ్యలో ఒక చిన్న పిన్ను ఉంటుంది, కొన్నింట్లో దాని మీద రబ్బరు మూత ఉంటుంది. అది చేత్తో స్పూల్‌ను తోయడానికి ఇచ్చినది. ఇంజన్ నిదానంగా తిరుగుతుండగా, బకెట్ దగ్గర, చక్రాల దగ్గర మనిషి ఎవరూ లేరని చూసుకుని, మొండి మొన ఉన్న దేనితోనైనా ఆ పిన్నును లోపలికి నొక్కండి. పిన్ను మెత్తగా వెళ్లి బకెట్ కదిలిందా, అయితే పంపు, పైపులు, స్పూల్, సిలిండర్ అన్నీ బాగున్నట్టే, తప్పు కరెంటు వైపే ఉంది. పిన్ను లోపలికి మెత్తగా వెళ్లినా బకెట్ కదల్లేదంటే ఆయిల్ రావడం లేదు. పిన్ను అసలు కదలనని మొండికేస్తే స్పూల్ బిగుసుకుపోయి ఉండాలి, లేదా ఆయిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ పైపులో ఎక్కడో అడ్డుపడి వెనక ప్రెషర్ దాన్ని తోస్తూ ఉండాలి. ఇంజన్ ఆపి, ప్రెషర్ వదిలించి మళ్లీ నొక్కితే ఆ రెండింట్లో ఏదో తెలిసిపోతుంది.

లేచేది లేస్తోంది, దిగడం లేదు, లేదా దానికి తిరగేసి. ఇలాంటప్పుడు ఇంకా తేలిక, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి మంచి భాగం పక్కనే ఉంది. రెండు కాయిళ్ల ప్లగ్గులను ఒకదానిది ఇంకోదానికి పెట్టండి. ఇప్పుడు బాక్సును మాన్యువల్‌లో పెట్టి 'కిందికి' నొక్కితే బకెట్ పైకి లేచిందనుకోండి, బాక్సూ ఆ వైరూ బాగున్నాయి, తప్పు కిందికి దింపే కాయిల్‌లోనో స్పూల్‌లోనో ఉంది. నొక్కినా ఏమీ జరగకపోతే తప్పు బాక్సు నుంచి ప్లగ్గు వరకు ఉన్న దారిలో ఉంది. కాయిలా, స్పూలా అన్నది తేలాలంటే ప్లగ్గులు యథాస్థానంలో పెట్టి కాయిళ్లనే అటూ ఇటూ మార్చండి. చాలావరకు రెండూ ఒకే రకం ఉంటాయి. తప్పు కాయిల్‌తో పాటు కదిలి వెళ్లిందా కాయిల్ మార్చాలి, ఉన్నచోటే ఉండిపోయిందా స్పూల్ చూడాలి. పైసా ఖర్చు లేదు. మాన్యువల్‌లో అన్నీ పనిచేసి ఆటోలో మాత్రమే పనిచేయకపోతే వాల్వును ముట్టుకోనే వద్దు. రిసీవరూ, మాస్టు కేబులూ చూడండి. అస్తమానం వంగి లేచే ఆ కేబుల్ లోపల తెగిపోతుంది, బయట తొడుగు మాత్రం చక్కగానే ఉంటుంది.

ఇప్పుడు మా బావ మోసపోయిన చోటికి వద్దాం, ఎందుకంటే అందరూ మోసపోయేది అక్కడే. ప్లగ్గు పీకి మీటరు పెట్టినప్పుడు 13.4 చూపించింది, అది అబద్ధం కాదు. కానీ మీటరు తాను కొలవడానికి లాగే కరెంటు చాలా చాలా తక్కువ. వైరులో ఒకే ఒక పోగు మిగిలినా, బోల్టు కింద తుప్పు పొర ఉన్నా, ఆ కాస్త కరెంటు దాటి వచ్చేస్తుంది. కాయిల్ అలా కాదు, దానికి రెండు రెండున్నర ఆంపియర్లు కావాలి. ఆ కరెంటు పారడం మొదలవగానే తుప్పు పట్టిన జాయింటు దగ్గరే వోల్టులు కరిగిపోతాయి. పైపు చివర బిరడా పెట్టి గేజి చూస్తే ప్రెషర్ పూర్తిగా ఉంటుంది, బిరడా తీస్తే ధార సన్నగా వస్తుంది, అదే లెక్క. అందుకని కొలిచేటప్పుడు ప్లగ్గు తగిలించే ఉండాలి, బటన్ నొక్కే ఉండాలి, ఇంజన్ నడుస్తూనే ఉండాలి. మీటరు సూదుల్ని ప్లగ్గు వెనక నుంచి గుచ్చి కొలవాలి.

నేను వెళ్లినప్పుడు మధ్యాహ్నం రెండు. బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు. 'పైకి' నొక్కి పట్టుకుని కాయిల్ రెండు కాళ్ల మధ్య కొలిస్తే 9.8. అంటే 3.7 వోల్టులు దారిలో పోతున్నాయి. ఎక్కడ? ఒక సూదిని బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోదాన్ని కాయిల్ ప్లస్ కాలు మీద పెట్టి, బటన్ నొక్కి చూస్తే 0.6. అంత పొడుగు వైరు, స్విచ్చు, ఫ్యూజు దాటి వచ్చేటప్పటికి అది సర్దుకోదగ్గదే. ఇక మైనస్ వైపు కొలిస్తే 3.1. కంట్రోల్ బాక్సు మైనస్ వైరును బ్యాటరీకి ఇవ్వకుండా, టూల్ బాక్సు దగ్గర ఉన్న ఒక బోల్టు కింద బిగించారు. ఆ బోల్టు కింద పెయింటు, పెయింటు కింద తుప్పు. వైరును నేరుగా బ్యాటరీ మైనస్‌కు తెచ్చి బిగిస్తే బకెట్ ఎప్పటిలా లేచింది.

మరి పొద్దున ఎందుకు నడిచింది, కొత్త కాయిల్ వేసినప్పుడల్లా ఎందుకు బాగైంది? నాకు ఈ భాగమే అన్నింటికన్నా ఇష్టం. రాగి వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం. 30 వాట్ల 12 వోల్టు కాయిల్ అనుకుందాం. చల్లగా ఉన్నప్పుడు 4.8 ఓములు, 2.5 ఆంపియర్లు లాగుతుంది. మధ్యాహ్నానికి ఎండ వేడి, ఆయిల్ వేడి, దాని సొంత వేడి కలిసి కాయిల్ 95 డిగ్రీలకు చేరిందనుకోండి, రెసిస్టెన్స్ 6.1 ఓములవుతుంది. 12 వోల్టులు పూర్తిగా అందినా కరెంటు రెండు ఆంపియర్ల లోపుకు పడిపోతుంది. అయస్కాంతం లాగే బలం సుమారుగా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బలం 62 శాతానికి దిగుతుంది. వాల్వు తయారుచేసే వాళ్లు ఈ వేడిని ముందే లెక్కేసుకుంటారు, అందుకే మామూలుగా ఇబ్బంది రాదు. కానీ మన బండిలో కాయిల్‌కు అందుతున్నది 9.8 వోల్టులే. అప్పుడు 1.6 ఆంపియర్లు, బలం 41 శాతం. స్ప్రింగునూ, పారే ఆయిల్ తోపునూ దాటి స్పూల్‌ను జరపడానికి అది చాలలేదు. అదే తుప్పు బోల్టుతో పొద్దున చల్లటి కాయిల్‌కు 1.9 ఆంపియర్లు వెళ్లేవి, బలం 58 శాతం, అది బొటాబొటీగా సరిపోయింది. కొత్త కాయిల్ ఏం చేసింది? చల్లగా ఉంది, అంతే.

కాబట్టి 'చల్లగా ఉంటే నడుస్తుంది, వేడెక్కితే ఆగుతుంది' అని ఎవరన్నా నేను మొదట అడిగేది ఎర్త్, అంటే ఆ మైనస్ వైరు, ఎక్కడ బిగించారని. ఓపిక ఉంటే ఇంకా మేలైన పరీక్ష, మీటరును 10 ఆంపియర్ల గుంటకు మార్చి కాయిల్ దారిలో వరుసగా కలిపి కరెంటే కొలవడం. కాయిల్ మీద రాసిన వాట్లను 12 తో భాగిస్తే రావాల్సిన అంకె వస్తుంది. దానికి దగ్గరగా ఉంటే బాక్సు, వైరు, ఎర్త్, కాయిల్ అన్నీ ఒక్క దెబ్బకు పాసైనట్టే.

కాయిల్‌ను విడిగా ఓముల్లో కొలిచేటప్పుడు ఒక చిన్న సంగతి: చవక మీటర్లలో రెండు సూదులు ఒకదానికొకటి తాకించినా అర ఓము దాకా చూపిస్తాయి. నాలుగైదు ఓముల కొలతలో అర ఓము చిన్నదేం కాదు, తీసేసి లెక్కేసుకోండి. అంకె రాకుండా ఓపెన్ అని చూపిస్తే తీగ తెగింది. ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువ ఉంటే చుట్లు లోపల కలిసిపోయాయి, ఫ్యూజులు కొట్టేసేది ఇలాంటిదే. కాయిల్ కాలుకూ బయటి ఇనుముకూ మధ్య ఏ అంకే రాకూడదు. కొన్ని కాయిళ్లలో లోపల, కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్ ఉంటుంది, వాటికి ప్లస్ మైనస్ తారుమారు చేస్తే డయోడ్ గుండా షార్టై ఫ్యూజు పోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు తాకించి పరీక్ష చేయాలనుకుంటే బాక్సు ప్లగ్గు తీసేశాకే చేయండి, లేకపోతే ఆ కరెంటు వెనక్కి బాక్సులోకి పోతుంది. కాయిల్ మీద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందని కూడా భయపడక్కర్లేదు, కాసేపు పనిచేసిన కాయిల్ అలాగే ఉంటుంది.

'స్పూల్ ఇరుక్కుంది, అందుకే కాయిల్ కాలింది' అనే మాట కూడా విస్తారంగా వినిపిస్తుంది. ఫ్యాక్టరీల్లో ఏసీ కరెంటుతో నడిచే కాయిళ్ల విషయంలో అది నిజమే, ఇనుప ముక్క పూర్తిగా లోపలికి రాకపోతే అవి ఎక్కువ కరెంటు లాగి కాలిపోతాయి. ట్రాక్టర్ మీద ఉన్నది డీసీ. దీనిలో నిలకడగా పారే కరెంటు వోల్టులనూ ఓములనూ బట్టే ఉంటుంది, స్పూల్ కదిలినా కదలకపోయినా అంతే. డీసీ కాయిల్ నిజంగా కాలిందంటే దానికి వోల్టులు ఎక్కువ అందాయా, 12 వోల్టుల కాయిల్‌ను 24 వోల్టుల బండికి వేశారా, లేక గొట్టం మీద తొడగకుండా బయట పెట్టి కరెంటు ఇస్తూ పోయారా అని చూడాలి. ఆ చివరిది అనుకోకుండా చేసేస్తుంటారు. వేడిని లాక్కునే వాల్వు ఇనుము దాని చుట్టూ లేకపోతే కాయిల్ తొందరగా మాడుతుంది.

ఇంక మట్టి. కరెంటు తప్పులు బాగుచేయడానికి చవక, మట్టి తప్పులు అలా కావు. స్పూల్‌కూ అది జరిగే బొక్కకూ మధ్య సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మన కంటికి కనిపించే నలుసు దాదాపు 40 మైక్రాన్లు ఉండాలి. అంటే స్పూల్‌ను పట్టేసే నలుసు మన కంటికి కనిపించనే కనిపించదు, ఆయిల్ చూడ్డానికి శుభ్రంగానే ఉందన్న మాటకు విలువ లేదు. పైగా మన ట్రాక్టర్లలో చాలా వాటికి గేర్‌బాక్సుకూ హైడ్రాలిక్‌కూ ఒకటే ఆయిల్. గేర్లు అరిగి రాలిన సన్నటి ఇనుప పొడి ఆ ఆయిల్లోనే తిరుగుతూ ఉంటుంది. ట్రాలీ జాకీకి అది పెద్ద లెక్కలోది కాదు, సొలినాయిడ్ వాల్వుకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అదే కప్లర్‌కు నిన్న ఇసుక ట్రాలీ పైపు తగిలించి ఉంటారు, తీశాక ఆ పైపు మూత లేకుండా నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లి ఉంటుంది, ఇవాళ తుడవకుండా లెవెలర్ పైపు పెడతారు. కప్లర్ మూతలు పోయినవి పోయినట్టే వదిలేయడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ రబ్బరు మూతల ఖరీదెంత, ఆ వాల్వు ఖరీదెంత!

మట్టితో ఇరుక్కున్న స్పూల్‌కు ఒక లక్షణం ఉంది. కాసేపు పనిలేకుండా ప్రెషర్‌లో నిలబడి ఉన్నాక మొదటిసారి కదలదు, పిన్ను గట్టిగా నొక్కితే 'టక్'మని వదులుతుంది, తర్వాత నాలుగైదు సార్లు బాగానే పనిచేస్తుంది. సందులోకి సన్నటి నలుసులు దూరి గట్టిపడటం వల్ల ఇలా అవుతుంది. అలా వదిలింది కదా అని సంతోషపడకుండా ఫిల్టర్ మార్చి ఆయిల్ సంగతి చూసుకోవాలి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరాయి, మాడువాసన వస్తే వేడికి పాడైంది.

స్పూల్ విప్పాల్సి వస్తే పొలంలో, గాలిలో దుమ్ము లేస్తుండగా విప్పకండి. వాల్వు బయట కడిగి, ఇంటికి తెచ్చి, శుభ్రమైన బల్ల మీద విప్పండి. తీసే ముందు స్పూల్ ఏ మొన ఎటు ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎమరీ పేపర్ వాడొద్దు, కాస్త రుద్దినా ఆ సందు కొలత పోతుంది, ఇక జన్మలో లీకు ఆగదు. కాటన్ వేస్ట్ కూడా వద్దు, దాని పోగులే కొత్త చెత్త. వడగట్టిన శుభ్రమైన కిరోసిన్‌తో కడిగి, కొత్త ఆయిల్ రాసి, వాల్వును నిలువుగా పట్టుకుంటే స్పూల్ తన బరువుతో తానే నెమ్మదిగా జారాలి. ఒక వాల్వు స్పూల్ ఇంకో వాల్వుకు వేయొద్దు, ఏ స్పూల్ దాని బొక్కకే జతగా కూర్చి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు కాయిల్ చివరి నట్టును పెద్ద స్పానర్‌తో బిర్రుగా లాగొద్దు. లోపలి గొట్టం సన్నటిది, నొక్కుకుపోతే ఇనుప ముక్క అందులో రాసుకుని ఇరుక్కుంటుంది. అప్పటిదాకా లేని రోగం మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది.

వాల్వు మార్చాకే మొదలైన సమస్యలు కొన్ని ఉంటాయి. గేర్ పంపు ఉన్న మామూలు ట్రాక్టర్‌లో, వాల్వు మధ్యలో ఉన్నప్పుడు ఆయిల్ తేలిగ్గా ట్యాంకుకు తిరిగి పోయేలా ఉండాలి. పాత వాల్వు అలాంటిదై, కొత్తది చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా మధ్యలో దారి మూసేసే రకమైతే, బకెట్ కదలనప్పుడల్లా ఆయిల్, ప్రెషర్ మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు గుండా అరుస్తూ పోతుంది, గంటలో కాగిపోతుంది. వాల్వు మీద ముద్రించిన మూడు గళ్ల బొమ్మలో మధ్య గడి రెండింటికీ ఒకేలా ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. ఇక బకెట్ ఒకచోట నిలబడకుండా పైకీ కిందికీ ఊగుతూ ఉంటే చాలాసార్లు వాల్వు చెడిందని కాదు, ఆయిల్ ఎక్కువ వేగంగా వస్తోందని. ఫ్లో తగ్గించి చూడండి.

చివరిగా, ఇదంతా ఉంటే పూర్తిగా తెరుచుకునే, లేకపోతే పూర్తిగా మూసుకునే వాల్వుల సంగతి. ఖరీదైన ట్రాక్టర్లలో పనిముట్లను ఎత్తి దించే ఎలక్ట్రానిక్ హిచ్‌లోనూ కొన్ని పెద్ద కోత మిషన్లలోనూ ఉండే ప్రొపోర్షనల్ వాల్వులు వేరే జాతి. అక్కడ కంప్యూటర్ కరెంటును సెకనుకు వందల సార్లు ఇస్తూ ఆపుతూ స్పూల్‌ను కావాల్సినంతే జరుపుతుంది. వోల్టులు కొలిస్తే ఏదో సగటు అంకె వస్తుంది, దాన్ని చూసి బ్యాటరీ వీకనుకోకండి. వీటికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వొద్దు, వైర్లలో టెస్టింగ్ బల్బు గుచ్చొద్దు, కంప్యూటర్ అవుట్‌పుట్ పోతే కాయిల్ ఖర్చుతో పోయేది కాదు. బండి మీద ఎక్కడ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి. మీరు చేయదగ్గవి మాత్రం ఉన్నాయి: ప్లగ్గులు విప్పి లోపల పచ్చగా తుప్పు పట్టిందా చూడటం, షెడ్డులో ఉన్నప్పుడు ఎలుకలు వైర్లు కొరికాయా చూడటం, నీళ్ల పంపుతో కడిగేటప్పుడు ప్లగ్గుల మీదికి ధార కొట్టకుండా ఉండటం, స్క్రీన్ మీద వచ్చిన కోడ్‌ను రాసి పెట్టుకోవడం. ఆ కోడ్‌తో పాటు తప్పు ఏ టైమ్‌లో వచ్చింది, బండి ఎంతసేపు నడిచాక వచ్చింది అన్నది కూడా రాసి మెకానిక్‌కు ఇస్తే అతని పని సగం అయిపోయినట్టే.